జాతి పిట్ట

"దొంగతనం ఎప్పట్నించి మొదలుపెట్టినాడే నీ మొగుడు?"

జీపులోంచి నారాయణ కంటే ముందు ఆయన నోరు దిగింది. వాకిట్లో అంట్లు తోముతున్న హేమ చెయ్యి కడుక్కోలేదు, లేచి నిలబడలేదు. ఆరేళ్ల తర్వాత గడప ముందుకొచ్చిన కన్నతండ్రి అడిగిన మొదటి మాట ఇది. కుశలప్రశ్నంటే ఇలా ఉండాలి!

ఆమె ఆంజిని చేసుకుని బెళుగుప్పకు వచ్చేసిన రోజే, పుట్టినూరు ఉరవకొండలో పదిమంది ముందు నిలబడి "నాకు కూతురు లేదు" అన్నాడు ఈ పెద్దమనిషి. లేని కూతురి ఇంటికి ఇప్పుడు జీపేసుకుని వచ్చాడు. అదీ పిట్ట కోసం.

"మొగుణ్ణి అనేముందు ఏం పోయిందో చెప్పు నాయనా."

"నా కాకటీల్ పిట్ట. నిన్న కిటికీలోంచి ఎగిరిపోయింది. ఈడుండాది."

ఉంది. ఆ సీమచిలక హేమ భుజం మీదే ఉంది. తల మీది పసుప్పచ్చ కుచ్చు వాల్చుకుని ఆమె చెవికమ్మను మెల్లగా కొరుకుతోంది. తెల్లారి తలుపు తీసేసరికి కట్టెల మోపు మీద కూర్చుని కనిపించింది. "రాజా" అని పిలవగానే వాకిలంతా నడిచొచ్చి, చీర పట్టుకుని ఎగబాకింది. ఈకలైనా రాని పిల్లగా ఉన్నప్పుడు సిరంజితో గంజి పట్టి పెంచింది హేమే మరి.

గాలిమరల దగ్గర వాచ్‌మన్ పని చేసే ఆంజి అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. పాపం, మర్యాద తెలిసినవాడు. కుర్చీ తెచ్చి వేశాడు.

"రా మామా, కూసో."

"ఎవురికిరా మామ? పిట్టల దొంగా! స్టేషన్లో కూసోబెడతారు, ఆడ పిలుద్దువు మామా అని!"

ఆంజి ముఖం పాలిపోయింది. ఇల్లు నడిచేది ఆ ఒక్క ఉద్యోగం మీదే. పోలీసుల మాట కంపెనీవాళ్ల చెవిన పడితే చాలు, మర్నాటికి ఆ పనిలో ఇంకొకడుంటాడు. నారాయణకు ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు.

హేమకు ఒళ్లు మండిపోయింది. పిట్టను వేలిమీదికి ఎక్కించుకుని తండ్రి ముందుకు చాచింది. "ఇంద, తీస్కపో నీ పిట్టను. మాకేం ఖర్మ?"

నారాయణ చెయ్యి పెట్టాడు. పిట్ట కుచ్చు నిక్కబొడుచుకుంది. బుస్సుమని వేలు పట్టి కొరికింది. రక్తం వచ్చింది. ఆ వేళ్ల నిండా అప్పటికే పాత గాట్లున్నాయి.

"సూసినావా? అదీ జాతంటే!" నొప్పి కూడా గొప్పే ఆ మనిషికి. "దీని తల్లీ ఇంతే. పౌరుషం రక్తంలో ఉండాది. ఆరేండ్లాయ, నేను తప్ప గూట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు. మీయన్న అభిలాష్ దీని మెడ విరిచి పిల్లికేస్తానని నిన్న కూడా ఎగిరినాడు."

"మరి నన్నెందుకు కరవలేదు?"

"సావాస దోషం. ఈ రేకుల కొట్టంలో ఒక్క పూటుంటే పులి కూడా పిల్లయితాది."

హేమ నవ్వింది. ఆ నవ్వు వింటే ఎవరికైనా చిర్రెత్తాల్సిందే. "ఏం న్యాయం నాయనా! కరిస్తే జాతి, కరవకుంటే సావాసమా? నా చేతిలో గంజి తాగినన్నాళ్లు ఎవుర్ని కరిసింది ఇది? మీ ఇంట్లో పొద్దున లేస్తే తిట్లు, పండుకుంటే తిట్లు. వినీ వినీ కరవను నేర్చింది. రక్తమంట, రక్తం!"

మాట తోచనప్పుడు నారాయణ గొంతు పెంచుతాడు. అదీ జాతి లక్షణమే కాబోలు.

"ఈ ఇంటి నీళ్లు తాగిన పిట్ట నా గడప తొక్కే పనిలేదు! మీ మొగానే పడుండనీ! అయినా దాన్ని సాకే మొగాలా మీవి? నానబెట్టిన కొర్రలు తినేదానికి సంగటిముద్ద పెట్టి సంపుతారు. పొద్దుగూకితే గూటి మీద గుడ్డ కప్పల్ల, లేకుంటే బెదిరి రాత్రంతా కొట్టుకుంటాది. తెలుసునా మీకు ఆ సంగతి? పొయ్యి పొగ తగిలితే సస్తాది. ఈ కొంపలో పొగ రాని మూల యాడుండాది?"

"మాకు తెలుసులే. ఇంక పో."

జీపు వెనక నుంచి గూడు లాగి వాకిట్లో విసిరినట్టే పెట్టాడు. "పిట్ట లేని గూడు నేనేం చేసుకుంటా, తల కొట్టుకుంటానా?" ఆంజి వైపు వేలు ఆడించాడు. "ఒరేయ్, దానికేమన్నా అయిందని తెలిస్తే అప్పుడొస్తా పోలీసులతో!"

దుమ్ము లేపుకుంటూ జీపు పోయింది.

"థూ, మనిషి కాదు" అంది హేమ. "బాగుండావా అని ఒక్క మాట లేదు కూతుర్ని. పిట్టకు మాత్రం గుడ్డ కప్పల్లంట!"

"పోనీలే, స్టేషన్ దాకా పోలేదు" అన్నాడు ఆంజి. ప్రాణం కుదుటపడ్డాక అనుమానమొచ్చింది. "అవునూ, పిట్ట ఈడుందని ఎవురు చెప్పినారబ్బా? మనమెవురికీ చెప్పలేదే?"

"ఊరికి చెవులు తక్కువా ఏంది!"

విసుగ్గా పిట్టను తీసి గూటి మీద కూర్చోబెట్టింది. చిన్నప్పుడు పిలిచినట్టే రెండడుగులు వెనక్కి వేసి, భుజం తట్టి పిలిచింది. పిట్ట రెక్కలు చాచి దూకింది. దబ్బున నేల మీద పడింది. హేమ ఉలిక్కిపడి ఎత్తుకుంది, దెబ్బ తగిలిందేమోనని రెక్కలు విప్పి చూసింది.

రెండు రెక్కల ఈకలూ ఎప్పుడో కత్తెరతో సమంగా కత్తిరించి ఉన్నాయి. ఆ పిట్ట ఉరవకొండ నుంచి కాదు గదా, గూటి మీంచి ఆమె భుజం దాకా కూడా ఎగరలేదు.