ఫియక్రా గిల్హూలీ మోకాలు

ఏమోయ్, కథ మొదలెట్టగానే చివరేంటో నాకు తెలుసని చెయ్యెత్తుతావే, నిన్నే. ఇందులో ఒకళ్లు ఇంకొకళ్లని బురిడీ కొట్టిస్తారు. ఎవరు ఎవర్నో ముందే కనిపెట్టావంటే సాయంత్రం టీ నేను పోయిస్తా. కనిపెట్టలేవులే. కూర్చో.

గిల్హూలీ నిక్కరుతో బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఒళ్లు వణుకుతోంది. చలికే అనుకున్నాడు డాక్టర్ హాస్లమ్.

డాక్టరు ముందు పాస్‌పోర్టు తీశాడు. ఫోటో చూశాడు, మొహం చూశాడు. అదే వంకర ముక్కు, అవే చేట చెవులు. పక్కన పడేసి ఫైలు తెరిచాడు.

"ఫియక్రా గిల్హూలీ. పుట్టింది లీట్రిమ్. పదహారేళ్లకి పడవెక్కి ఇంగ్లండొచ్చావు. మూడేళ్లు బెంచీ అరగదీశావు. ఆ తర్వాత అయిదు ఫుట్‌బాల్ క్లబ్బులు, మూడొందల పన్నెండు మ్యాచులు. ఐర్లండు చొక్కా ఒక్కసారి తొడిగావు, అదీ చివరి ఎనిమిది నిమిషాలు. అంతేనా?"

"ఏడు నిమిషాలండీ. మా అమ్మ గడియారం పట్టుకుని చూసింది."

డాక్టరు నవ్వాడు. గిల్హూలీకి నవ్వు రాలేదు.

ఈ డాక్టరు సరేనంటే ఈ క్లబ్బులో రెండేళ్ల కాంట్రాక్టు. కాదంటే అంతే సంగతులు. ముప్ఫై ఒక్కేళ్ల మిడ్‌ఫీల్డరుకి, అందులోనూ మోకాలు పోయిందని ఊరూరా పుకారున్నవాడికి, ఇంకే క్లబ్బూ తలుపు తియ్యదు. మైదానం నడిమధ్యన అటూ ఇటూ పరిగెత్తడం తప్ప ఫియక్రా గిల్హూలీకి ఇంకో పని నేర్పినవాళ్లు లేరు. ఇంట్లో వారం నుంచీ ఇదే గొడవ. ఈ ఒక్క పూట గట్టెక్కితే చాలు.

"పోయిన సీజన్లో తొమ్మిది మ్యాచులు ఆడలేదు," అన్నాడు డాక్టరు. "నడుంనొప్పని రాశారు. మీ ఐరిష్ వాళ్లతో ఇదే తంటా అబ్బీ. ఎక్కడ విరిగినా నడుమే నొప్పెడుతుంది. ఏదీ, ఆ కుడి మోకాలు ఇలా పడెయ్."

వంచాడు. తిప్పాడు. ఎక్కడ నొక్కితే ఆటగాళ్లు కెవ్వుమంటారో సరిగ్గా అక్కడే బొటనవేలు దింపాడు. గిల్హూలీ పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. స్కాను కూడా తీశారు. డాక్టరు ఆ ఫిల్ము వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇదేం మోకాలయ్యా. ఈ వయసు మిడ్‌ఫీల్డరు మోకాలంటే తుప్పుపట్టిన గేటులా కిర్రుమనాలి. ఇదేమో ఇవాళే కొట్లోంచి తెచ్చినట్టుంది. ఏం తింటావు నువ్వు?"

"బంగాళాదుంపలండీ."

"ఆ చేతులేంటి, అన్ని కాయలు కాశాయి? మధ్యలో గోల్‌కీపరు పని కూడా చేశావా?"

"ఇంటి దగ్గర గొర్రెలున్నాయండీ. ఉన్ని కత్తిరించాలి, గిట్టలు చెక్కాలి."

"మోకాలికి ఢోకా లేదు," అని రాసుకున్నాడు డాక్టరు. గిల్హూలీ పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు.

మిగిలింది గుండె పరీక్షే. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ట్రెడ్‌మిల్లు ఎక్కించారు. ఎనిమిదో నిమిషానికి మొహం సున్నం కొట్టినట్టయింది. దింపి, గుండెల మీద చల్లటి జిగురేదో రాసి, తెర మీద బొమ్మ చూశారు. డాక్టరు జోకులు ఆపేశాడు.

"కొండెక్కితే ఆయాసం వస్తుందా?"

"ఈ మధ్య కాస్త. గొర్రెపిల్లని భుజానేసుకుంటే."

"కళ్లు తిరిగాయా ఎప్పుడైనా?"

"ఒకసారండీ. గోడ పట్టుకుని నిలబడ్డా."

"ఎవరికీ చెప్పలేదా?"

"దానికేం చెప్తామండీ."

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అబ్బీ, మోకాలి సంగతి మర్చిపో. నీ గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవట్లేదు. పుట్టుకతో వచ్చిందే. గుండె ఉబ్బిపోయి ఉంది. అయిదు క్లబ్బుల డాక్టర్లూ కళ్లు మూసుకుని రాశారో ఏమో, ప్రతి కాగితం మీదా గుండె భేషుగ్గా ఉందనే ఉంది."

గిల్హూలీ తెర వైపు చూశాడు. అక్కడ ఏదో ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటోంది.

"అది నా గుండేనా డాక్టరుగారూ?"

"మరి నాదా?"

డాక్టరు తెర ఆర్పేశాడు.

"నెల్లోపు ఆపరేషను చేయించుకో. నూరేళ్లు బతుకుతావు," అన్నాడు డాక్టరు మెల్లిగా. "ఇవాళ ఇక్కడికి రాకపోయుంటే ఎక్కడో పడిపోయేవాడివి. లేపినా లేచేవాడివి కాదు. కానీ ఆట అయిపోయింది. ఈ క్లబ్బులోనే కాదు, ఎక్కడా. ఈ కాగితం ఫుట్‌బాల్ సంఘానికి వెళ్లి తీరాలి. ఫియక్రా గిల్హూలీ ఇంక బంతి తన్నడు."

గిల్హూలీ లేచి చొక్కా అందుకున్నాడు. నిజం చెప్తే ఒక తలనొప్పి, చెప్పకపోతే ఇంకో తలనొప్పి. చివరికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, కళ్లమ్మట నీళ్లు కూడా వచ్చాయి.

ఇలాంటి మాట విని ఏడ్చినవాళ్లని చూశాడు డాక్టరు. బల్ల తన్నినవాళ్లనీ చూశాడు. చొక్కా గుండీలు వంకరటింకరగా పెట్టుకుంటూ నవ్వేవాణ్ణి చూడ్డం ఇదే మొదలు. పాపం, మతి పోయిందనుకున్నాడు.

బయట సన్నగా వాన. గిల్హూలీ గుండెల మీద అరచెయ్యి ఆనించుకుని, కోడిగుడ్డు మోసుకెళ్తున్నట్టు ఒక్కో అడుగే వేస్తూ కార్ల దగ్గరికి నడిచాడు.

కారు తలుపు తియ్యగానే, వాచిపోయిన కుడి మోకాలి మీద ఐసు సంచి అదిమిపెట్టుకుని పొద్దుట్నుంచీ వెనక సీట్లో నక్కి కూర్చున్న కవల తమ్ముడు, అసలు ఫియక్రా, అచ్చుగుద్దినట్టు అదే మొహాన్ని పైకెత్తి, "ఏరా లోర్కన్, నా మోకాలు పాసైందా?" అన్నాడు.