సూప్‌లో దొరికింది

"ఈ సూప్‌లో మనిషి ప్రోటీన్లు ఉన్నాయి బావా" అంటూ ల్యాబ్‌లో పనిచేసే మరదలు కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది.

హోటల్ నడిపే బావ తేలిగ్గా నవ్వేశాడు. "నీ వెంట్రుకేదో పడుంటుందిలే."

"నేనూ అలాగే అనుకుని, తలకి గుడ్డ కట్టుకుని మళ్లీ చేశాను. వెంట్రుకది కాదు. ఉమ్మిది. అదీ ఒక్కరిది కాదు."

బావ ముఖం మాడిపోయింది. "ఎవడిచ్చాడు నీకిది? ప్లేట్లలో మిగిలింది కస్టమర్లకి ఎన్నడూ పోయలేదు. పిల్లాడి మీద ఒట్టు!"

"పోయవు, నాకు తెలుసు" అందామె, కుర్చీ దూరంగా జరుపుకుంటూ. "ఇది బాలింతకి బలమని అక్కకి నువ్వు రోజూ పంపే క్యారియర్‌లోది."