జోజప్ప బల్ల మీద చోటు

ఫిలొమేన తెచ్చిన పళ్లెం బల్ల మీద ఆనకముందే మికెలీనా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇదెక్కడికమ్మా?"

"బల్ల మీదికే వదినా. శనగల పాస్తా. వేడిగా ఉంది."

దక్షిణ ఇటలీ కొండల్లో రోకాసెల్వ చిన్న ఊరు. ఏసు పెంపుడు తండ్రి పునీత జోజప్ప పండుగనాడు చర్చి వాకిట్లో పొడుగాటి బల్ల వేస్తారు. ఇంటికో వంటకం. ఎవరింటిదైనా అందరూ తినాలి, అదే పండుగ.

అందరూ అంటే, శవపేటికల కొట్టువాళ్లు తప్ప.

ఫిలొమేన మొగుడు కతాల్దోది ఆ కొట్టు. తాతల నాటిది. పెట్టె చెయ్యడం, బండి కట్టడం అతని పని. పోయినవాళ్లకు స్నానం చేయించి బట్టలు తొడగడం ఆమె పని. ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు వాళ్లకే. బతికున్నవాళ్ల కబుర్లు మాత్రం ఆ గడప దాకా వచ్చేవి కావు.

"నిన్న మార్తా ముసలమ్మను కడిగింది ఈ చేతులతోనే కదూ?" అంది మికెలీనా. ఆమె రొట్టెల కొట్టు సబీనో పెళ్లాం.

"సబ్బుతో రుద్ది కడుక్కున్నాను."

"కడుక్కుంటే మాత్రం పోతుందా? ఆ చేతి వంట మేం నోట పెట్టాలా?"

"మా రొసీనా జ్వరంతో దక్కదనుకున్నప్పుడు మొక్కుకున్నాను వదినా. పిల్ల లేస్తే ఊరంతా నా చేతి వంట తినాలని. తలా ఒక్క ముద్ద చాలు."

"ఊరికి మొక్కావా, జోజప్పకు మొక్కావా? ఆయన్నే తినమను."

పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"మావైపు అలా చూడకు తల్లీ, పెట్టెకు కొలత తీసుకుంటున్నట్టుంది" అంది ఒకామె.

నోటరీ గారి భార్య ఎర్సీలియా దొరసాని ముక్కుకు చేతిరుమాలు పెట్టుకుంది.

"పండుగపూట రభస ఎందుకు? ఆ పళ్లెం అవతల పెట్టించండి."

అవతలంటే మెట్ల కింద. ఒక కుక్క వచ్చింది, వాసన చూసింది, శుభ్రంగా తినేసింది. కుక్కకు ఇలాంటివి తెలియవు.

ఫిలొమేన ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. మరుసటి ఏడు బల్ల దగ్గరికి రాలేదు. మొక్కు మరిచిపోయింది కాబోలు అనుకున్నారు.

ఆ ఊరి అసహ్యం అంతా ఇంతా కాదు. కతాల్దో తాగే కాఫీ కప్పు హోటల్లో విడిగా ఒక మేకుకు వేలాడేది. అతని బండి ఎదురైతే మగవాళ్లు కీడు తగలకుండా జేబులో ఇనుప తాళంచెవి తడుముకునేవారు. ఫిలొమేన చావింట్లోకి వస్తుంటే అందరూ గోడవైపు తిరిగేవారు. వెళ్తుంటే మళ్లీ తిరిగేవారు. ఆమెను చూస్తే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారట.

ఆ చలికాలం మికెలీనా మొగుడు సబీనో రొట్టెల పొయ్యి ముందే కూలి ప్రాణం విడిచాడు.

ఫిలొమేన వచ్చింది. మికెలీనాతో సహా అందరూ గోడవైపు తిరిగారు. లోపలి గదిలో ఆమె అతని కనుబొమల్లో, చెవి మడతల్లో పేరుకున్న పిండి నిదానంగా తుడిచి, ఒళ్లు కడిగి, పెళ్లినాటి కోటు తొడిగి, వచ్చిన దారినే వెళ్లింది. మళ్లీ గోడవైపు తిరిగారు.

ఇటు తిరిగేసరికి గడప మీద నీలి గిన్నె ఉంది. అంచు దగ్గర కాస్త చిట్లిన, చెవులున్న పింగాణీ గిన్నె. మూత తీస్తే పొగలు కక్కే కోడి చారు, అందులో సన్నటి పాస్తా.

చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. కొన్నాళ్లుగా ఎవరింట్లో చావైనా మొదట వచ్చేది ఆ గిన్నే. దాని వెనకే మిగతావాళ్లవి. ఎవరు పెట్టారని అడగకూడదు, అడిగితే కీడు. తిని, కడిగి గడప మీద పెడితే, శవబండి కదిలేలోగా దాని దారిన అది పోయేది.

"వద్దు. నాకేమీ దిగదు" అంది మికెలీనా.

పొరుగింటి అసుంత బలవంతాన ఒక చెంచా పోసింది. అది దిగింది. ఇంకోటి దిగింది. ఆ తరువాత మికెలీనా గిన్నె తన ఒళ్లోకి లాక్కుని, చిట్లిన అంచు పెదవికి గీసుకుంటున్నా ఎత్తి తాగి, అడుగున మిగిలింది రొట్టెముక్కతో తుడుచుకు తింది.

"ఎవరి చెయ్యో తెలుస్తోందిలే" అంది కళ్లు తుడుచుకుంటూ. "శుభ్రమైన చేతికే ఈ రుచి వస్తుంది."

అందరూ పరామర్శకు వచ్చిన దొరసానివైపు చూశారు. ఎర్సీలియా తల వంచుకుంది. అవుననలేదు. కాదనీ అనలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకరోజు ఫిలొమేన పోయింది.

తల్లిని కూతురు రొసీనాయే కడిగింది. ఆడవాళ్లు లోకం కోసం వచ్చి, వాకిట్లో ముక్కులు మూసుకుని నిలబడ్డారు. ఒక్కరూ ఏమీ తేలేదు. ముందు నీలి గిన్నె రావాలి కదా అనుకున్నారు.

పొద్దెక్కింది. గడప ఖాళీ.

"దొరసానమ్మా, చారు ఇంకా రాలేదేం?" మికెలీనా గొంతు తగ్గించి అడిగింది. "ఎంత వీళ్లదైనా చావిల్లే కదా."

ఎర్సీలియా చేతిరుమాలు మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"నన్నడుగుతావేం" అంది చివరికి.

లోపల రొసీనా పెట్టె పక్కన తూలింది. కతాల్దో పట్టుకున్నాడు.

"నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు పిల్ల" అన్నాడు వాకిట్లోకి చూస్తూ. "ఎవరైనా కాసిని నీళ్లు పట్టుకొస్తారా?"

ఎవరూ కదల్లేదు. మికెలీనాయే, మనసొప్పకపోయినా, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఆ వంటింట్లో మొదటిసారి అడుగుపెట్టింది.

పొయ్యి చల్లారి ఉంది.

దాని పైన గోడ మేకుకు, అంచు చిట్లిన నీలి గిన్నె కడిగి తగిలించి ఉంది.