కొవ్వు దొంగల నెల

"ఈ దారిలో మనుషులు తగలరు కదా?" అడిగాడు ఒలెగారియో, బూడిదలో గీసిన గీత మీద వేలు పెట్టి.

"ఆగస్టులో కనుమ మీద మనుషులేమిటయ్యా? గద్దలు కూడా కిందికి దిగిపోతాయి," అన్నాడు కాసిమిరో. "మధ్యలో లామాలు మేపే కాపరుల రాతిగుడిసె ఒకటుంది. ఈ నెలలో ఖాళీయే. రాత్రికి అక్కడ పడుకుంటే, మర్నాడు పొద్దెక్కేసరికి మీరు అవతలి లోయలో ఉంటారు."

"అదే మంచిది. మనుషులు కనబడితే పెట్టె విప్పమని ప్రాణం తీస్తారు."

పొయ్యి దగ్గర ఎమెతెరియా చేతిలో గరిటె ఆగింది. మొగుడి వాటా పులుసు ముందే వేరే చట్టిలోకి తీసి, మిగతాదాంట్లో వెల్లుల్లి చితక్కొట్టి వేసిందామె. కాసిమిరోకి వెల్లుల్లి పడదు, కడుపుబ్బరం. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో రెండు చట్లే.

ఒలెగారియో మధ్యాహ్నం లారీలో దిగాడు. పిండిముద్దలా తెల్లగా, గుండ్రంగా ఉన్నాడు. మడమల దాకా నల్ల కోటు, చంకలో రేకు పెట్టె. అవతలి ఊరి చర్చిలో మూగబోయిన గొట్టాల వాయిద్యాన్ని మరియమ్మ పండగలోగా బాగుచేసి పాడించాలట.

"పెట్టెలో ఏముందయ్యా?" అడిగింది ఎమెతెరియా.

"చిన్న కత్తులు, సన్న గొట్టాలు, మైనం. నాజూకు పనమ్మా. చెయ్యి వణక్కూడదు, అంతే."

"లారీలో చుట్టు తిరిగి వెళ్ళకూడదూ? ఈ నెలలో కనుమ మంచిది కాదు."

"మళ్ళీ లారీ పండగ వెళ్ళాకేనటమ్మా."

కాసిమిరో నవ్వాడు. "మా ఆవిడకి ఆగస్టంటే దడ. నేను ఎవర్నయినా కనుమ దాటించడానికి బయల్దేరానంటే ఇదే ఏడుపు."

"నాకు కొత్త చోట నిద్ర రాదు," అన్నాడు ఒలెగారియో. "రాత్రంతా నేను మేలుకునే ఉంటాను. మీరు హాయిగా పడుకోండి."

"ఎంతటివాడికైనా అక్కడ నిద్ర పడుతుందయ్యా. ఇంత కోకా ఆకు బుగ్గన పెట్టుకుని, నేను చెప్పే కబుర్లు వింటూ పడుకోండి. పసిపిల్లాడైపోతారు." కాసిమిరో అతని బొజ్జ వైపు చూసి లేచాడు. "మీ ఒంటికి మా ముసలి గాడిద చాలదు. ఎవరిదైనా కంచరగాడిదని మాట్లాడొస్తాను."

ఎమెతెరియా పిడకల కోసం పెరట్లోకి వెళ్ళింది. గోడ మీద అప్పటికే పక్కింటి బాసిలియా తల మొలిచి ఉంది.

"ఏం ఒదినా, ఖరిసిరిని ఇంట్లో కూర్చోబెట్టి పులుసు పోస్తున్నావట?"

"మెల్లగా మాట్లాడు."

"ఊరంతా గట్టిగానే అనుకుంటోంది. ఆ వాయిద్యం గొట్టాలు తియ్యగా పాడాలంటే మనిషి కొవ్వు పుయ్యాలట. మా మామ చెప్పేవాడు."

ఆ కొండల్లో ఖరిసిరి, అంటే కొవ్వు దొంగ, పేరు చెబితే తాగినవాడికి కూడా మత్తు దిగుతుంది. ఆగస్టు వాడి నెల. దారిన పోయేవాణ్ణి కబుర్లతో నిద్రపుచ్చి, పక్కటెముకల కింద చిన్న గాటు పెట్టి, కొవ్వు తోడుకుంటాడు. పడుకున్నవాడికి నొప్పి తెలియదు. లేస్తాడు, ఇంటికి పోతాడు, చమురు లేని దీపంలా నాలుగు రోజుల్లో ఆరిపోతాడు. పోనీ ఖరిసిరికి కొమ్ములుంటాయా అంటే అదీ లేదు. మనలాగే ఉంటాడు.

"పోయిన ఆగస్టులో దుప్పట్ల వ్యాపారి ఏమయ్యాడు?" అంది బాసిలియా. "కనుమ దిగాక ఎండిపోయి చచ్చాడు. పక్కలో గాటుందట. ఆ రోజు కాసిమిరో అన్న వెంటే ఉండి కూడా ఏ అదృష్టం కొద్దో బయటపడ్డాడు. ఈసారో?"

ఎమెతెరియా చేతిలో పిడక నలిగి పొడయింది. ఆ వ్యాపారి వెళ్తూ వెళ్తూ ఆమె భుజాన ఎర్ర దుప్పటి కప్పి, "అచ్చం మా అమ్మాయిలా ఉన్నావు," అన్నాడు. ఆ దుప్పటి ఆమె మళ్ళీ కప్పుకోలేదు.

"ఊరి పెద్దలకి చెప్పెయ్యరాదూ?"

"చెబితే రాళ్ళతో కొట్టి చంపేస్తారు."

"చంపితే పీడా పోతుంది."

"ఖరిసిరికి మాత్రం పెళ్ళాం ఉండదా ఒదినా?"

"దానిమీద జాలా నీకు?" బాసిలియా పకపకా నవ్వి, రెండు వెల్లుల్లిపాయలు ఆమె చేతిలో కుక్కింది. "అన్న మూటలో పెట్టు. ఇది ఒంటిమీదున్నవాడి దగ్గర ఖరిసిరి కబుర్లు పారవు."

"ఆయనకి పడదు."

"తినమన్నానా? దగ్గరుంచుకుంటే చాలంటున్నా. మొగుడంటే ప్రాణమే గాని, బుర్ర మాత్రం గుండుసున్నా."

తెల్లారేసరికి వాకిలంతా మంచు పేరుకుంది. కాసిమిరో నేలతల్లికి నాలుగు చుక్కల సారాయి వొంపి, సామానంతా కంచరగాడిద మీద కట్టాడు. తోలుసంచి మాత్రం తన నడుముకే కట్టుకున్నాడు. దాన్ని ఎప్పుడూ తనే సర్దుకుంటాడు, పెళ్ళాన్ని కూడా ముట్టనివ్వడు.

ఎమెతెరియా అతని చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కసారికీ మానెయ్యి. నీకు దండం పెడతాను."

"ఊరుకోవే. ఎప్పుడైనా తిరిగి రాకుండా ఉన్నానా?"

"భయపడకమ్మా," అన్నాడు ఒలెగారియో, కోటు గుండీలు పెట్టుకుంటూ. "ఆయన్ని క్షేమంగా ఇంటికి పంపే పూచీ నాది."

ఆ మాటకి ఎమెతెరియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడ మీంచి బాసిలియా, పెట్టు పెట్టు అని సైగ చేస్తోంది. కాసిమిరో జీను పట్టీ బిగించడానికి వంగాడు. ఎమెతెరియా ఒక్క క్షణం మొగుడి వీపు వైపు చూసి, కొంగు ముడి విప్పి వెల్లుల్లిపాయలు తీసింది.

చప్పుడు కాకుండా ఒలెగారియో కోటు జేబులో వేసింది.