అందరికీ చోటున్న ఊరు

ఊరు చూడవచ్చే వాళ్ళందరికీ ఇప్పుడు మాట్లాడే కళ్ళజోళ్ళే. అవి ఊరి గొప్పలు చెబుతాయి, చూపుకు ఇంపుగా లేనివాటిని కనబడకుండా చెరిపేస్తాయి. విశాఖ హార్బరు రోడ్డులో చేపలమ్మే పోలమ్మనూ అలాగే చెరిపేశాయి. అందుకే ఆ పొద్దున ఒక టూరిస్టు, ఇంకా బోణీ కూడా కాని ఆమె గంపను కనబడక కాలితో తన్నేశాడు. చేపలన్నీ దుమ్ములో పడ్డాయి.

"ఒక కొండ మీద గుడి, ఒక కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద చర్చి. ఈ ఊళ్ళో అందరికీ చోటుంది," అని కళ్ళజోడు చెబుతూనే ఉంది.

పోలమ్మకు ఒళ్ళు మండిపోయింది. అతని ముఖం మీంచి దాన్ని ఊడబెరికింది.

"అయ్యో, ఇక్కడ మీరున్నారా?" అన్నాడతను బిత్తరపోయి.

"మా యమ్మ కాలం నుంచీ ఇక్కడే ఉన్నాం!"

చేపల నెత్తురంటిన వేళ్ళతో అద్దాలు రెండూ పులిమి, కళ్ళజోడు మళ్ళీ అతని ముక్కు మీదే పెట్టింది.

"ఇప్పుడు సెరిపేయమను, సూద్దాం!"