ఈ ఏడూ పూయలేదు

ఎల్డన్ ఈసారి కూడా జనవరి వానలోనే కత్తెర పట్టుకుని వాకిట్లోకి దిగాడు. కిటికీ ముందున్న ఎర్రపూల కర్రంట్ పొదను మోకాలి ఎత్తుకు కత్తిరించేశాడు.

కంచె అవతల నుంచి జోలీన్ చూసి తల పట్టుకుంది. ఒరెగాన్‌లో ఆ పొదను పెంచేవాళ్లెవరూ చలికాలంలో దాని జోలికి పోరు. నిరుటి కొమ్మల మీదే మొగ్గలుంటాయి. పూలు రాలాకే కత్తెర పట్టాలి. జోలీన్ ఈ వీధికి కొత్తగా వచ్చినప్పుడు ఆ సంగతి నేర్పింది ఎల్డనే.

"ఏమయ్యా, నాకు చెప్పిన పాఠం నువ్వే మర్చిపోయావా? నిరుడూ ఇదే పని చేశావు" అంది.

"చెయ్యి ఊరుకోదు" అన్నాడు ఎల్డన్.

ముసలాయనకు మతి తప్పుతోందని ఆ సాయంత్రం ఆమె తన భర్తతో చెప్పింది.

మార్చి వచ్చింది. ఊళ్లో కర్రంట్ పొదలన్నీ గుత్తులు వేలాడేశాయి. దక్షిణం నుంచి తేనెపిట్టలు వచ్చి వాటి చుట్టూ తిరుగుతున్నాయి. ఎల్డన్ కిటికీ ముందు మాత్రం మోడు.

ఆయన భార్య మార్విస్ పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే. పొద పూసిన వారం కూతురు లినెట్ కొండల అవతల నుంచి కారేసుకుని వచ్చేది. తల్లి రూబార్బ్ కాడలతో చేసిన తీపి 'పై' రొట్టె తినేది. ఒక గుత్తి కోసి సీసాలో పెట్టేది. పెళ్లయ్యాక కూడా ఆ రాక తప్పలేదు.

"పూసిందా?" అని మార్విస్ అడుగుతుంది. చలి తగ్గాలిగా అంటాడు ఎల్డన్.

ఒక ఉదయం జోలీన్ సంబరంగా ఆయన్ను బయటికి పిలిచింది. పొద అడుగున ఒక కొమ్మ కత్తెరకు దొరక్కుండా మిగిలింది. దాని చివర ఒకే ఒక్క గుత్తి, ఎర్రగా.

"కోసి మార్విస్‌కి ఇచ్చి రానా? పాపం, ఆమెకు మిగిలింది ఈ పొదే కదా."

ఎల్డన్ మోకాళ్ల మీద వంగి, కొమ్మను మొదలంటా విరిచి కోటు జేబులో కుక్కుకున్నాడు.



"నీకు మతి పోతోందనుకున్నాను. కాదు. నీకు మనసే లేదు" అని మెల్లగా అనేసి జోలీన్ వెళ్లిపోయింది.

ఎల్డన్ పెరట్లో కుళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఆ ఆకు వాసన ఓ పట్టాన వదలదు. కోటు బయటే విప్పి లోపలికి వెళ్లాడు.

"పూసిందా, ఎల్డన్?"

"ఇంకా లేదు."

"అయితే లినెట్ రావడానికి ఇంకా టైముందిలే" అంది మార్విస్. శాలువా సర్దుకుని, హాయిగా కుర్చీలో వెనక్కి వాలింది.

ఆ పొద చివరిసారి పూసిన వసంతంలో, పూలున్నన్నాళ్లూ, లినెట్ ఎందుకు రాలేదని మార్విస్ ప్రతి ఉదయం అడిగింది, కొండదారిలో కారు బోల్తాపడి మన పిల్ల చనిపోయిందని ఎల్డన్ ప్రతి ఉదయం చెప్పాడు, ప్రతి ఉదయం ఆమె ఆ మాట మొట్టమొదటిసారి విన్నది.