నల్లది మేత ముట్టింది

తోడుగా ఉన్న తెల్ల గుర్రం చచ్చిపోయిన నాటి నుంచి మా నల్లది మేత ముట్టలేదు. లాయంలో ఒంటరిగా నిలబడి, నాలుగు రోజులూ తలుపు వైపే చూస్తూ సకిలించింది. ఈ రాత్రి లోపలినుంచి కరకరా నమిలే చప్పుడు వినబడేసరికి నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పశువుల డాక్టరైన మా అక్కకు వెంటనే ఫోన్ చేశాను.

“అక్కా, తింటోంది! తొట్టి మొత్తం ఖాళీ చేసేసేలా ఉంది!”

“హమ్మయ్య, గండం గడిచిందిరా! వెళ్లి మూపు మీద కాస్త గోకు. జంట గుర్రాలు ఒకదానికొకటి అక్కడే పళ్లతో గోక్కుంటాయి. తన మూపు తనకి అందదు కదా, పాపం.”

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లాయంలోకి పరుగెత్తాను. నల్లది కళ్లు అరమూసి, కింది పెదవి వేలాడేసి, హాయిగా నిలబడి ఉంది. ముద్దొచ్చి మూపు మీద చెయ్యి వేశాను.

వెంట్రుకలు తడిగా ఉన్నాయి. ఆ తడి ఇంకా వెచ్చగానే ఉంది.

“గోకావా?” అంది అక్క.

“ఎవరో... గోకేశారక్కా.”

నల్లది కళ్లు తెరిచి నా వెనక్కి చూసింది. చోటిస్తున్నట్టు ఒక అడుగు పక్కకు జరిగింది.